పారిశ్రామిక రూపశిల్పి హెన్రీ డ్రేఫస్

ఒకప్పటి తీగ టెలిఫోనును చెవి వద్ద పెట్టుకున్నవారిలో, దాని పిడి చేతికి అంత చక్కగా ఎలా అమరిందని ఆలోచించినవారు అరుదు. ఆ ఆలోచనకే తన జీవితాన్ని అంకితం చేసినవాడు హెన్రీ డ్రేఫస్.

ఆయన 1904లో న్యూయార్కులో జన్మించాడు. నార్మన్ బెల్ గెడెస్ వద్ద రంగాలంకరణ నేర్చి, 1929లో సొంత కార్యాలయం తెరిచాడు. ఆ రోజుల్లోనే బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలవారు కొత్త టెలిఫోను రూపానికి వెయ్యి డాలర్లు ఇస్తామన్నారు. యువకుడైన డ్రేఫస్ అంగీకరించలేదు. లోపలి యంత్రం ఎరుగక పైతొడుగు గీయలేననీ, ఇంజనీర్ల సరసన కూర్చోనిస్తేనే పనిచేస్తాననీ పట్టుపట్టాడు. అవకాశం చేజారింది. ఆర్థికమాంద్యం ముంచుకొచ్చిన వేళ అది సామాన్యమైన సాహసమా? కొంతకాలానికి ఆ సంస్థవారే తిరిగి వచ్చి ఆయన షరతుకు ఒప్పుకున్నారు. 1937 నాటి 302 నమూనా, 1949 నాటి 500 నమూనా ఆ కలయిక ఫలాలే.

జో, జోసెఫీన్ అనే కల్పిత స్త్రీపురుషుల ఆధారంగా మానవదేహపు కొలతలను ఆయన కార్యాలయం క్రోడీకరించింది. వృత్తిరహస్యంగా దాచుకోదగిన ఆ సంపదను 1960లో గ్రంథంగా ప్రచురించి, పోటీదారులకు సైతం అందించాడు. నా దృష్టిలో టెలిఫోనుకన్న ఇదే గొప్ప పని.

1944లో అమెరికా రూపశిల్పుల సంఘాన్ని స్థాపించినవారిలో ఆయనొకడు. 1965లో మూడు వేర్వేరు సంఘాలు ఏకమైనప్పుడు, అరవై దాటిన వయస్సులో, నూతన సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. భాషాభేదం లేక ఎల్లరికీ అర్థమయ్యే సంకేతచిహ్నాలను కూర్చిన గ్రంథం 1972లో వెలువడింది. ఆ అక్టోబరులోనే ఆయనా, వ్యాపారంలోనూ తోడుగా నిలిచిన భార్య డోరిస్ ఒకే రోజున కన్నుమూశారు.