శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు పేరిచ్చిన పైలట్, ఆయన వెనక మిగిలిన ఇల్లాలు

మెహదీపట్నం నుంచి ఉమ్రాకో, దుబాయ్‌కో బయల్దేరే కుటుంబాలు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగి శంషాబాద్ చేరుకుంటాయి. రోడ్డుకు ఒక ప్రధాని పేరు, ఎయిర్‌పోర్ట్‌కు ఇంకో ప్రధాని పేరు. రెండో ఆయన చనిపోతేనే మొదటి ఆయనకు ఆ కుర్చీ దక్కింది.

రాజీవ్ గాంధీ 1944 ఆగస్టు 20న బొంబాయిలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుతుండగా ఇటలీ అమ్మాయి సోనియా మైనోతో పరిచయమైంది. 1968లో పెళ్లి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రాజకీయం తమ్ముడు సంజయ్‌ది. 1980 జూన్ 23న విమానం కూలి సంజయ్ పోయారు. తల్లి ఇందిర పక్కన నిలబడటానికి రాజీవ్ ఉద్యోగం వదిలేశారు. సోనియాకు అది అస్సలు ఇష్టం లేదు.

కొత్త నాయకుడికి హైదరాబాద్ కలిసి రాలేదు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట ఎయిర్‌పోర్ట్‌లో ముఖ్యమంత్రి టి.అంజయ్య పూలదండలతో, జనంతో హంగామా చేస్తే, రాజీవ్ అందరి ముందే ఆయనపై మండిపడ్డారు. కొద్ది రోజుల్లోనే అంజయ్య పదవి పోయింది. ఆ అవమానాన్ని ఎన్టీఆర్ తెలుగువాళ్ల ఆత్మగౌరవం సంగతిగా మార్చేశారు. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది, మరుసటి జనవరికల్లా కాంగ్రెస్ ఓడిపోయింది.

1984 అక్టోబర్ 31న అంగరక్షకుల తూటాలకు నేలకూలిన అత్తగారిని కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది సోనియానే. ప్రధాని పదవి ఒప్పుకోవద్దని, ఒప్పుకుంటే నిన్ను కూడా చంపేస్తారని భర్తను అక్కడే బతిమాలారు. ఆయన వినలేదు. ఆ డిసెంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లొచ్చాయి.

ముస్లిం ఇళ్లలో ఆయన పేరు ఎత్తితే రెండు మాటలు వినిపిస్తాయి. షాబానో తీర్పు తర్వాత 1986లో తెచ్చిన చట్టం ఒకటి. అదే ఏడాది ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకోవడం రెండోది. అటు వాళ్లనూ ఇటు వాళ్లనూ సంతోషపెట్టబోయి ఎవరి నమ్మకమూ దక్కించుకోలేదు. బోఫోర్స్ మచ్చ కూడా తోడై 1989లో అధికారం పోయింది.

1991 మే 21న ఆయన విశాఖపట్నంలో ప్రచారం చేశారు. విమానంలో లోపం వచ్చి ప్రయాణం ఆలస్యమైంది. బాగయ్యాక మద్రాసు, అక్కడి నుంచి రోడ్డు మీద శ్రీపెరంబుదూర్. రాత్రి పదిన్నర లోపే మానవ బాంబు పేలింది. ఆయన వయసు 46. ఆయనతో పాటు ఇంకా పదిమందికి పైగా పోయారు. వాళ్ల ఇళ్లలో మిగిలిన వాళ్ల గురించి ఎవరూ అంతగా రాయలేదు.

ఢిల్లీలో సోనియాకు ఫోన్‌లోనే సంగతి తెలిసింది. ఆ రాత్రే కూతురు ప్రియాంకతో మద్రాసు వెళ్లారు. కొడుకు రాహుల్ అమెరికాలో ఉన్నారు. మే 24న అంత్యక్రియలు. ముస్లిం ఇళ్లలో భర్త పోయిన ఆడమనిషికి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది, ఆమెను ఏ పనికీ రమ్మని అడగరు. సోనియాను మాత్రం అంత్యక్రియలు కూడా కాకముందే పార్టీ పెద్దలు అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆమె వద్దన్నారు. అధ్యక్ష పదవి, ఆ తర్వాత ప్రధాని పదవి పీవీ నరసింహారావుకు దక్కాయి.

ఆ తర్వాత దాదాపు ఏడేళ్లు ఆమె రాజకీయాలకు దూరంగా ఉన్నారు. భర్త జ్ఞాపకంగా ‘రాజీవ్’ అనే పుస్తకం తెచ్చారు. 1995లో అమేథీలో నోరు విప్పారు, హత్యకేసు విచారణ నత్తనడక నడుస్తోందని. ఆ దెబ్బ నేరుగా పీవీ ప్రభుత్వానికే తగిలింది. 1998 జనవరిలో ప్రచారానికి దిగినప్పుడు, మొదలుపెట్టడానికి ఎంచుకున్న ఊరు శ్రీపెరంబుదూర్. కేసులో ఉరిశిక్ష పడ్డ నళినికి చిన్న కూతురు ఉంది. ఆమెను ఉరి తీయొద్దని సోనియానే కోరారు. 2000లో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

2008 మార్చి 14న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌ను సోనియానే ప్రారంభించారు. పేరు విషయంలో అప్పట్లో గొడవ జరిగింది. బేగంపేటలో అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ పేరు, దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు ఉండేవి, ఇక్కడ రాజీవ్ పేరు ఒక్కటే పెట్టారు. సరిగ్గా ఐదు రోజులకు, మార్చి 19న, ప్రియాంక ఎవరికీ చెప్పకుండా వేలూరు జైలుకెళ్లి నళిని ఎదురుగా కూర్చున్నారు. ఆ సంగతి బయటికి వచ్చేసరికి ఏప్రిల్ అయింది. అప్పటికే శంషాబాద్ నుంచి విమానాలు ఎగురుతున్నాయి.