కట్నంలో బొంబాయి... సారెలో తేయాకు

పొద్దున్నే కప్పు టీ పడందే మనలో చాలామందికి పని సాగదు. అసలు ఇంగ్లీషువాళ్ల ఇళ్లల్లో టీకి పెద్దపీట వేయించింది ఆ దేశపు మనిషి కాదు, పోర్చుగల్ నుంచి వచ్చిన కోడలు. పేరు కేథరిన్ ఆఫ్ బ్రగాంజా.

కేథరిన్ 1638లో పుట్టింది. రెండేళ్లకి తండ్రి నాలుగో జాన్ పోర్చుగల్ రాజయ్యాడు. చైనా తీరంలోని మకావు పోర్చుగీసువాళ్ల చేతిలో ఉండేది కాబట్టి ఆ రాజాస్థానానికి తేయాకు కొత్త కాదు. దాన్ని చా అనేవారు. మన చాయ్‌కీ ఆ చాకీ మూలం చైనా మాటే!

1662లో ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్‌తో పెళ్లయ్యింది. అప్పటికి ఆమెకి 23 ఏళ్లు. కట్నం సంగతి వింటే కళ్లు తిరుగుతాయి. బోలెడంత రొక్కం, ఆఫ్రికాలో టాంజియర్ రేవు, ఆపైన మన బొంబాయి! రాజుగారు ఆ బొంబాయిని 1668లో ఏడాదికి 10 పౌన్ల అద్దెకి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

పోర్ట్స్‌మత్ రేవులో దిగగానే ఆమె టీ అడిగిందనీ, అది దొరక్క బీరు లాంటిదేదో ఇచ్చారనీ ఓ కథ చెప్పుకుంటారు. నిజానికి లండన్ కాఫీ హౌసుల్లో అప్పటికే టీ అమ్మేవారు. కాకపోతే అవి మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే చోట్లు. పైగా టీని ఓ మందులా చూసేవారు. రాణి తన గదిలో చెలికత్తెలతో కూర్చుని ఇష్టంగా తాగేసరికి గొప్పింటి ఆడవాళ్లకీ అదే ముచ్చటైంది.

ఇక ఆమె కాపురం... పాపం. ఇంగ్లీషు రాదు, భర్తతో స్పానిష్‌లో మాట్లాడాలి. కేథలిక్ కావడంతో పట్టాభిషేకమూ జరగలేదు. పెళ్లయిన కొన్నాళ్లకే రాజు తన ప్రియురాలు బార్బరాని తెచ్చి ఎదుట నిలబెట్టాడు. కేథరిన్‌కి ముక్కులోంచి రక్తం కారి, అందరి ముందూ స్పృహ తప్పింది. అయినా సరే, ఆ బార్బరాకే రాణి అంతఃపురంలో కొలువిప్పించాడు. ఎదురు చెప్పినందుకు పుట్టింటి నుంచి వచ్చిన పరివారంలో చాలామందిని వెనక్కి పంపేశాడు. ఆమెకి మిగిలిన పుట్టింటి వాసనల్లో టీ ఒకటి అని నాకనిపిస్తుంది.

1663లో పెద్ద జ్వరం వచ్చినప్పుడు తనకి పిల్లలు పుట్టారని పలవరించింది. ఆ తర్వాత కడుపు వచ్చినా నిలవలేదు. అవతల రాజుకి బయట డజనుమంది దాకా సంతానం! విడాకులివ్వమని చుట్టూ ఉన్నవాళ్లు పోరినా, 1678లో భర్తకి విషం పెట్టించబోయిందని ఆమె మీద నింద వేసినా, ఛార్లెస్ మాత్రం ఆమెని వదులుకోలేదు. అందుకు అతణ్ణి మెచ్చుకోవాలో, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అనుకోవాలో మీరే చెప్పండి.

1685లో ఛార్లెస్ పోయాడు. 1692లో ఆమె స్వదేశానికి బయల్దేరింది. అక్కడ తమ్ముడు రెండో పెడ్రో జబ్బుపడితే, అరవై దాటిన వయసులో, స్పెయిన్‌తో యుద్ధం నడుస్తుండగా రాజ్యభారం తనే మోసింది. ఇంగ్లండ్‌లో నోరెత్తనివ్వని మనిషేనా ఈమె అనిపిస్తుంది! 1705 డిసెంబర్ 31న లిస్బన్‌లో కన్నుమూసింది. మరుసటి ఏడాదే లండన్‌లో థామస్ ట్వైనింగ్ ఓ కాఫీ హౌస్ కొనుక్కుని, అందులో టీ అమ్మకం మొదలుపెట్టాడు.