సిపాయి నుంచి జడ్జి దాకా

ఏ ఇంట పుట్టాలో ఎంచుకునే హక్కు మనిషికి లేదు. కాని ఆ ఇంటి పెద్దలు చేసిన తప్పును మోయాలా, దించుకోవాలా అనేది మాత్రం అతని చేతిలోనే ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన హావెల్ హెఫ్లిన్ గారి జీవితం చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

హెఫ్లిన్ 1921 జూన్ 19వ తారీఖున జార్జియా రాష్ట్రంలోని పౌలన్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. తండ్రి మెథడిస్టు చర్చి పాదిరి. తండ్రి సోదరుడు టామ్ హెఫ్లిన్ పేరుమోసిన రాజకీయ నాయకుడు, సెనేటరు. నల్లవాళ్లు తెల్లవాళ్లతో సమానం కారని బాహాటంగా వాదించిన మనిషి. అలబామాలో నల్లవాళ్ల ఓటు హక్కును ఊడబెరికిన 1901 నాటి రాజ్యాంగాన్ని తయారుచేసిన సభలో ఆయనా ఒక సభ్యుడే.

హావెల్ 1942లో డిగ్రీ పూర్తి చేశారు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. ఆయన మెరీన్ దళంలో చేరారు. ఓడల మీద వెళ్లి, శత్రువు కాల్పుల మధ్య ఒడ్డుకు దిగి పోరాడే దళం అది. పసిఫిక్ మహాసముద్రంలోని బూగన్‌విల్ దీవిలో 1943 నవంబరులో మెరీన్లు దిగారు. బురద, వాన, అడవి, ఎదురుగా జపాన్ సేనలు. ఆ పోరాటాల్లో చూపిన ధైర్యానికి ఆయనకు సిల్వర్ స్టార్ పతకం వచ్చింది. 1944లో గువామ్ దీవిలో గాయపడ్డారు. గాయపడిన సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం కూడా దక్కింది.

యుద్ధం ముగిశాక 1948లో లా చదువు పూర్తి చేసి టస్కంబియాలో వకీలుగా స్థిరపడ్డారు. హెలెన్ కెల్లర్ పుట్టిన ఊరు అదే. అలబామాలో జడ్జీలను ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. 1970లో హెఫ్లిన్ ఒక మాజీ గవర్నరు మీద పోటీ చేసి గెలిచి, 1971లో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

అప్పటి కోర్టుల హాలు చూడండి. కేసులు ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉండేవి. చిన్న కోర్టుల్లో లా చదవని వాళ్లు కూడా తీర్పులు చెప్పేవారు. వాళ్ల రాబడి, వచ్చిన కక్షిదారుల దగ్గర వసూలయ్యే ఫీజు మీదే ఆధారపడేది. తీర్పు చెప్పేవాడి కడుపు ఫీజుతో నిండితే బీదవాడికి ఇన్సాఫ్ ఎక్కడిది?

హెఫ్లిన్ ఊరూరా తిరిగి ప్రజలకు నచ్చజెప్పారు. 1973 డిసెంబరులో ప్రజలు ఓట్లు వేసి కొత్త న్యాయ వ్యవస్థను ఆమోదించారు. ఫీజు మీద బతికే ఆ పాత కోర్టులు పోయాయి. రాష్ట్రమంతటికీ ఒకే కోర్టుల ఏర్పాటు వచ్చింది. తప్పు చేసిన జడ్జీ మీద విచారణ జరిపే సంఘం కూడా ఏర్పడింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ మార్పుతో తొలగిపోయింది 1901 రాజ్యాంగంలోని న్యాయశాఖ అధ్యాయమే. తండ్రి సోదరుడు కూర్చుని రాసినదాన్ని కొడుకు వరస వాడే మార్చాడన్నమాట.

1979 నుంచి 1997 వరకు ఆయన సెనేటులో ఉన్నారు. అక్కడ కూడా అందరూ ఆయన్ను జడ్జి అనే పిలిచేవారు. 1993 జులైలో ఒక సంగతి జరిగింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి 1860-61లో వేరుపడిన దక్షిణాది రాష్ట్రాల జెండా ఉన్న గుర్తుకు ఒక మహిళా సంఘం పేటెంటు పొడిగింపు కోరింది. సెనేటులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యురాలు కెరోల్ మోస్లీ బ్రౌన్ దాన్ని ఎదిరించారు. మొదటి ఓటింగులో 52-48తో ఓడిపోయారు. హెఫ్లిన్ ఓటు కూడా ఆమెకు పడలేదు. ఆమె పట్టువదలకుండా మాట్లాడారు. అప్పుడు హెఫ్లిన్ లేచారు. తన పూర్వీకులు ఆ దక్షిణాది పక్షం వారేనని దాచుకోకుండా చెప్పి, వారి మీద గౌరవం ఉన్నా తన ఓటు మార్చుకుంటున్నానని అందరి ముందు ప్రకటించారు. రెండో ఓటింగులో 75-25తో ఆమె పక్షం గెలిచింది.

2005 మార్చి 29న హెఫ్లిన్ కన్నుమూశారు. శత్రువు తుపాకికి ఎదురు నిలవడం ధైర్యమే. కాని సొంతవాళ్లంతా చూస్తుండగా, తాను ముందు వేసిన ఓటు తప్పని ఆ తర్వాత ఒప్పుకోవడానికి అంతకన్నా తక్కువ ధైర్యం చాలదు. మన పిల్లలకు ఆయన పతకాల సంగతి చెప్పేటప్పుడు ఈ ఓటు సంగతి కూడా తప్పక చెప్పాలి.