జాయప సేనాని

జాయప సేనాని కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని గజసేనాధ్యక్షుడు, నాట్యశాస్త్రవేత్త. జాయన అని కూడా ఇతనికి పేరు. సంస్కృతంలో నృత్త రత్నావళి అను లక్షణ గ్రంథమును రచించి ప్రసిద్ధి పొందాడు.

జీవిత విశేషాలు

జాయపది కృష్ణా నది సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమను పాలించిన అయ్య వంశం. తండ్రి పిన్నచోడి. గణపతిదేవుడు (పాలన 1199-1262) తీరాంధ్ర దండయాత్రలో దివిసీమను జయించాడు. అయితే ఓడిన వంశాన్ని నిర్మూలించక, జాయప అక్కచెల్లెళ్ళయిన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. చిన్నవాడైన జాయపను చేరదీసి విద్యాబుద్ధులు చెప్పించాడు. గుండామాత్యుడు ఇతనికి నాట్యశాస్త్ర గురువు. ఆ విధంగా ఓడిన రాజు కుమారుడు గెలిచిన రాజుకు బంధువై, గజసాహిణి పదవినీ, తామ్రపురి (నేటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలు) పాలననూ పొందాడు. చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయాన్ని, దివిసీమలో ప్రభువు పేరిట గణపేశ్వరాలయాన్ని కట్టించాడు. ఇతని వంశ చరిత్రకు ఈ రెండు చోట్ల శాసనాలే ముఖ్య ఆధారాలు.

నృత్త రత్నావళి

1253-54 ప్రాంతంలో రచించబడిన ఈ గ్రంథంలో 8 అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగు భరతముని నాట్యశాస్త్రాన్ని అనుసరించి మార్గ నృత్యాన్ని వివరిస్తాయి. తక్కిన నాలుగు దేశి నృత్యాలకు కేటాయించబడినవి. పేరిణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, గొండలి మున్నగు నృత్యాల లక్షణాలు ఇందులో కనిపిస్తాయి. ప్రాచీన శాస్త్రాన్ని పునరుద్ధరించడంతో తృప్తి చెందక, ప్రజలలో వాడుకగా ఉన్న ఆటలకు కూడా శాస్త్ర గౌరవం కల్పించడం ఇతని ప్రత్యేకత. ఇటలీలో 15వ శతాబ్దిలో ఆల్బెర్టి ప్రాచీన రోమను వాస్తుకారుడు విట్రూవియస్ గ్రంథాన్ని ఆధారం చేసుకొని కొత్త వాస్తుగ్రంథం వ్రాసిన తీరు దీనిని గుర్తుకు తెస్తుంది. జాయప కృషి అంతకు రెండు శతాబ్దాల ముందటిది. ఇతడు గీత రత్నావళి, వాద్య రత్నావళి కూడా రచించినట్లు చెబుతారు. అవి లభించలేదు.

రామప్ప దేవాలయము - పేరిణి

పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేశాడు. ఈ ఊరు 2016-2019 మధ్య జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, తరువాత ములుగు జిల్లాలో చేరింది. ఇక్కడి నర్తకీమణుల, మృదంగ వాద్యకారుల శిల్పాలకు నృత్త రత్నావళి ఆధారమని కొందరు భావిస్తారు. కాని ఆలయం గ్రంథానికి 40 సంవత్సరాలు ముందటిది. కనుక రెండూ ఆనాడు సజీవంగా ఉన్న ఒకే నృత్య సంప్రదాయానికి సాక్ష్యాలని అనుకోవడం సమంజసము.

1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైన పిమ్మట రాజాదరణ లేక పేరిణి క్రమంగా మరుగున పడింది. నృత్త రత్నావళిని వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో ముద్రితమైంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోనికి అనువదించారు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్నీ, రామప్ప శిల్పాలనూ పరిశీలించి 20వ శతాబ్దిలో పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించారు. శిల్పం భంగిమను మాత్రమే చూపగలదు. దాని ముందు వెనుకల కదలికలను తెలిపినది గ్రంథమే. 2021లో రామప్ప దేవాలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.