మేడమ్ సి. జె. వాకర్

శరీరమున తలవెంట్రుక కంటె అల్పమైనది లేదని తోచును. అయినను అమెరికా నల్లజాతి స్త్రీల చరిత్రలో ఆ వెంట్రుకయే అవమానమునకు గురుతుగాను, జీవనోపాధిగాను, తుదకు ఆత్మగౌరవ ప్రశ్నగాను పరిణమించినది. ఆ చరిత్ర నడుమ నిలిచిన వ్యక్తి మేడమ్ సి. జె. వాకర్.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23వ తేదీన లూసియానా రాష్ట్రములోని డెల్టాలో జన్మించినది. తల్లిదండ్రులు ప్రత్తితోటలో బానిసలుగా బ్రతికినవారు. ఆ కుటుంబమున స్వేచ్ఛలో పుట్టిన తొలి బిడ్డ సారాయే. కాని స్వేచ్ఛ ఒక్కటే కూడు పెట్టలేదు. ఏడేండ్లకే ఆమె తల్లిదండ్రులను కోల్పోయినది, పదునాలుగేండ్లకు పెండ్లాడినది, ఇరువది యేండ్లకు రెండేండ్ల కూతురితో వితంతువైనది. అన్నలు క్షౌరవృత్తిలో నున్న సెయింట్ లూయీ నగరమునకు చేరి, దినమునకు ఒకటిన్నర డాలరు మించని కూలికి పరుల బట్టలుతికి బిడ్డను చదివించినది.

ఆనాటి పేదల ఇండ్లలో కుళాయినీరు లేదు. తలస్నానము అరుదు. దొరకిన సబ్బు ఘాటైన క్షారముతో చేసినది. అందుచేత చుండ్రు, మాడుపై పుండ్లు, జుట్టు రాలుట స్త్రీలలో సర్వసాధారణము. సారా జుట్టు కూడ ఊడసాగినది. తొలుత ఆమె ఆనీ టర్న్‌బో అను నల్లజాతి వ్యాపారిణి తయారుచేసిన కేశలేపనములను అమ్మినది. 1905లో డెన్వర్ చేరినది. మరుసటి ఏడు చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెండ్లాడి, ఆ పేరుతోనే స్వంత లేపనమును అమ్మనారంభించినది. అందులోని గంధకము వైద్యులెరిగినదే. తరచుగా తలంటు, మాడుకు లేపనము, శ్రద్ధగా దువ్వుట అను క్రమమును ఇంటింటికి తిరిగి నేర్పుటయే ఆమె విజయ రహస్యము.

ఇచట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. కాచిన లోహపు దువ్వెనను ఆమెయే కనిపెట్టినదను మాట నిజము కాదు. అది అంతకు ముందే ఉన్నది. ఆమె తన పద్ధతిలో దానిని చేర్చుకొన్నది. నొక్కుల జుట్టును సాగదీసి తెల్లవారి జుట్టువలె చేయుట ఆత్మద్రోహమని విమర్శకులు ఆక్షేపించిరి. తన లక్ష్యము జుట్టును తిన్నగా చేయుట కాదనియు, మాడు ఆరోగ్యమనియు ఆమె వాదించినది. ఉభయ పక్షములందును సత్యమున్నది. ఆమె లేపనము బాధను మాన్పినది. ఆ దువ్వెన మాత్రము సమాజము విధించిన అందమునకు తలవంచినది.

1910లో ఇండియానాపోలిస్‌లో ఆమె వ్యాపారము స్థిరపడినది. వేలకొలది స్త్రీలు ఆమె వద్ద శిక్షణ పొంది, పరుల వంటయిండ్లు విడిచి, స్వంత సంపాదన చవి చూచిరి. 1912లో నల్లజాతి వర్తకుల మహాసభలో బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాటాడు అవకాశ మీయలేదు. ఆమె తనంతట తానే లేచి, ప్రత్తిచేను నుండి కర్మాగారము వరకు తాను నడచిన దారిని సభకు వినిపించినది. మరుసటి ఏడు ఆయనయే ఆమెను వక్తగా ఆహ్వానించెను. 1917లో ఫిలడెల్ఫియాలో తన ప్రతినిధులైన స్త్రీలను సమావేశపరచినది. మూకలు నల్లవారిని చంపు దురాచారమును ఎదిరించు ఉద్యమమునకు 5,000 డాలర్ల విరాళము ప్రకటించినది. 1919 మే 25న, ఏబదియొక్క యేట, కన్నుమూసినది.

ఆమె పిదప కథ ఆగలేదు. ఇరువదవ శతాబ్ది నడుమ సోడియం హైడ్రాక్సైడు వంటి క్షారములతో జుట్టు బంధములను త్రెంచి తిన్నగా చేయు రసాయనములు వ్యాపించినవి. అవి మాడును కాల్చగలవు. 1960ల ఉద్యమములలో యువజనులు సహజమైన గుబురు జుట్టును ధైర్యముగా పెంచిరి. సహజమైన జుట్టును, జడల తీరును కారణముగా చూపి ఉద్యోగమునందు, పాఠశాలయందు వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము శాసనము చేసినది.

నేటి స్త్రీలు రసాయనములు లేక జుట్టును నీటితో తడిపి, నూనె పట్టించి, వెడల్పు పండ్ల దువ్వెనతో చిక్కుతీసి, జడలల్లుకొనుచున్నారు. దువ్వెన విషయమున వారు వాకర్‌ను విడిచిరి. మాడు ఆరోగ్యమే మొదటిదను ఆమె మాటను మాత్రము విడువలేదు.