మధ్యాహ్నంతో పోట్లాడని చర్చిల్

మధ్యాహ్నం రెండున్నర. స్టడీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మెస్‌లో ఇవాళ పప్పు బాగుందని అన్నం ఓ ముద్ద ఎక్కువే తిన్నారు. ఎదురుగా ఎకానమీ పుస్తకం. ఒకే పేరా నాలుగోసారి చదువుతున్నారు, అయినా బుర్రకెక్కట్లేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి మెల్లగా గీత గీస్తూ పేజీ చివరికి జారిపోతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల బాధ ఇంకోలా ఉంటుంది. మూడు గంటల మీటింగ్‌లో మేనేజర్ ఎదురుగా కూర్చుని ఆవులింత ఆపుకోవాలి.

మనలో చాలామంది దీన్ని బద్ధకం అనుకుంటాం. మొహం కడుక్కుని, ఇంకో టీ తాగి, మళ్లీ అదే పేజీ ముందు కూర్చుంటాం. సాయంత్రానికి లెక్క చూసుకుంటే మూడు గంటలు కుర్చీలో ఉన్నట్టే ఉంటుంది, చదివింది మాత్రం ఏమీ ఉండదు. అటు నిద్రా దక్కదు, ఇటు చదువూ సాగదు.

ఈ మధ్యాహ్నం సంగతిని చిన్న వయసులోనే తేల్చుకుని, జీవితమంతా దానికి తగ్గట్టు రోజును మలచుకున్న మనిషి ఒకరున్నారు. ఆయనే బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్. మన దేశానికి ఆయన మిత్రుడేమీ కాదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. కానీ పరీక్షలు తప్పి, కోచింగ్‌కు వెళ్లి, సొంతంగా చదువుకుని పైకొచ్చిన ఆ మనిషి దినచర్యలో మనకు పనికొచ్చేది ఒకటుంది.

మూడోసారికి పాస్

చర్చిల్ 1874 నవంబర్ 30న ఇంగ్లండ్‌లో పెద్ద జమీందారీ వంశంలో పుట్టాడు. తండ్రి లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ ఆర్థిక మంత్రిగా చేసినవాడు. తల్లి జెన్నీ అమెరికన్. డబ్బున్న ఇల్లే, పేరున్న హారో స్కూలే. కానీ పిల్లవాడికి చదువు సరిగా అబ్బలేదు. లాటిన్ అంటే పడదు, లెక్కలంటే భయం. ఇంగ్లిష్, చరిత్ర మాత్రం ఇష్టం. వీడు లాయరుగా కూడా పనికిరాడని తండ్రి తేల్చేసి, సైన్యంలోకి పంపుదామనుకున్నాడు.

అందుకు శాండ్‌హర్స్ట్ మిలటరీ కాలేజీ ఎంట్రన్స్ రాయాలి. మొదటిసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. చివరికి లండన్‌లో ఇలాంటి పరీక్షలకు తర్ఫీదిచ్చే ఒక కోచింగ్ సెంటర్‌లో చేర్చారు. 1893లో మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. అప్పుడు కూడా పదాతి దళానికి సరిపడా మార్కులు రాలేదు, గుర్రపు దళంలో సీటొచ్చింది. గుర్రాల ఖర్చు ఇంటిమీద పడుతుందని తండ్రి మండిపడుతూ ఉత్తరం రాశాడు. ఆ తండ్రి 1895 జనవరి 24న, 45 ఏళ్లకే చనిపోయాడు. కొడుకు ఏదైనా సాధించగలడన్న నమ్మకం ఆయనకు చివరిదాకా కలగలేదు.

క్యూబాలో కనపడిన అలవాటు

1895లో ఫోర్త్ హుస్సార్స్ అనే గుర్రపు దళంలో చర్చిల్ ఆఫీసరయ్యాడు. ఆ ఏడాది చివర్లో సెలవు దొరికింది. తోటి ఆఫీసర్లు వేటకు వెళ్తే, ఇతను యుద్ధం చూడాలని క్యూబా వెళ్లాడు. అక్కడ స్పెయిన్ సైన్యం తిరుగుబాటుదారులతో పోరాడుతోంది. పత్రికకు వార్తలు రాస్తూ ఆ సైన్యం వెంట నడిచాడు. తుపాకీ గుళ్ల చప్పుడు మొదటిసారి విన్నది అక్కడే. 21వ పుట్టినరోజు కూడా అక్కడే గడిచింది.

అతని మనసులో నిలిచిపోయిన ఇంకో విషయం స్పెయిన్ సైనికుల దినచర్య. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టేవారు. ఎండ ముదిరేసరికి ఆగి, వండుకుని తిని, చెట్ల కింద ఉయ్యాల మంచాలు కట్టుకుని పడుకునేవారు. ఎండ తగ్గాక మళ్లీ బయల్దేరేవారు. యుద్ధంలో ఉన్నవాళ్లు కూడా మధ్యాహ్నం పడుకోవడాన్ని తప్పుగా చూడలేదు. రోజంతా ఒకే బిగువున సాగదీయనక్కర్లేదని, మధ్యలో ఒక కునుకు తీస్తే సాయంత్రం ఇంకో పొద్దున్నలా ఉంటుందని చర్చిల్‌కు అప్పుడే అర్థమైంది.

బెంగళూరు బంగ్లాలో చదువు

1896లో అతని దళాన్ని భారతదేశానికి పంపారు. మకాం బెంగళూరు కంటోన్మెంట్. వచ్చిన కొద్ది వారాలకే దళం పోలో జట్టు హైదరాబాద్ వచ్చి గోల్కొండ కప్ గెలుచుకుపోయింది. కొత్తగా దిగిన దళం గెలవడం అప్పట్లో పెద్ద వింత.

కంటోన్మెంట్ జీవితం చూడ్డానికి సుఖంగానే ఉండేది. తెల్లవారగానే పరేడ్. తర్వాత గుర్రపు సాల, కాస్త ఆఫీసు పని. ఎండ పెరిగేలోపే అందరూ బంగ్లాలకు చేరేవారు. భోజనం చేసి నిద్ర. అయిదింటికి లేచి పోలో. ఆ ఎండలో మధ్యాహ్నం పని చేయాలని ఎవరూ అడగరు.

అదే సమయంలో చర్చిల్‌కు ఒక దిగులు పట్టుకుంది. యూనివర్సిటీ గడప తొక్కలేదు. తోటివాళ్లు మాట్లాడే సంగతులు సగం తెలియవు. వాడే మాటలకే అర్థం సరిగా తెలియదని గుర్తొచ్చి సిగ్గుపడేవాడు. 22 ఏళ్ల వయసులో, డిగ్రీ లేకుండా, తనకు తానే కాలేజీ పెట్టుకున్నాడు. లండన్ నుంచి పుస్తకాలు పంపమని తల్లికి రాశాడు. పెట్టెలకు పెట్టెలు వచ్చాయి. గిబ్బన్ రాసిన రోమ్ చరిత్ర, మెకాలే, ప్లేటో, ఆడమ్ స్మిత్, డార్విన్. పొద్దున్న పనులయ్యాక సాయంత్రం పోలో దాకా ఉండే ఆ ఎండవేళల్లో, కొన్ని నెలలపాటు రోజుకు నాలుగైదు గంటలు చదివాడు.

అతను చదివిన పద్ధతి చూడండి. బ్రిటన్ పార్లమెంటు చర్చల సారాంశం ఉండే వార్షిక సంపుటాలు తెప్పించుకున్నాడు. ఒక చర్చ చదివే ముందు ఆ విషయం మీద తన అభిప్రాయం ఏమిటో కాగితం మీద రాసుకునేవాడు. తర్వాత చర్చ చదివి, తను రాసినదాన్ని సరిచూసుకుని మళ్లీ రాసేవాడు. చేతిలో పెన్ను, బుర్రలో వాదన ఉన్నవాడికి కళ్లు మూతలు పడటం కష్టం. ఇవాళ గ్రూప్ డిస్కషన్‌కూ, మెయిన్స్ వ్యాసానికీ సిద్ధమయ్యేవాళ్లకు ఇంతకంటే మంచి కసరత్తు దొరకడం కష్టమే.

ఒక పగలు, రెండు పొద్దున్నలు

ఆ తర్వాత జీవితం పరుగందుకుంది. వాయవ్య సరిహద్దు పోరాటం మీద 1898లో మొదటి పుస్తకం వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఖైదీగా చిక్కి, తప్పించుకుని పేరు తెచ్చుకున్నాడు. 1900లో ఎంపీ. 1911లో నౌకాదళ మంత్రి.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక పని తెల్లవార్లూ సాగేది. క్యూబా అలవాటు అప్పుడు పనికొచ్చింది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఓ గంట పడుకుని లేస్తే, రాత్రి పొద్దుపోయేదాకా చురుగ్గా పని చేయొచ్చని గమనించాడు. పడుకున్న గంట పోయినట్టు కాదు, దానికి దాదాపు రెట్టింపు తిరిగొస్తోందని లెక్కేసుకున్నాడు.

అలాగని కునుకు తీసేవాడి నిర్ణయాలన్నీ సరైనవని కాదు. 1915లో టర్కీ మీద డార్డనెల్స్ దాడి ఘోరంగా దెబ్బతింది. వేలమంది చనిపోయారు. చర్చిల్ పదవి పోయింది. రాజకీయంగా పని అయిపోయిందన్నారు. ఆ దిగుల్లో రంగులు, కుంచె పట్టుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్ వెళ్లి కందకాల్లో ఒక బెటాలియన్‌ను నడిపాడు.

1929 నుంచి 1939 దాకా పదేళ్లు ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. ఆ కాలంలో చార్ట్‌వెల్‌లోని సొంతింట్లో ఉంటూ పుస్తకాలు, వ్యాసాలు రాసి సంసారం నడిపాడు. దినచర్య మాత్రం తప్పలేదు. పొద్దున్న మంచం మీదే పేపర్లు, ఉత్తరాలు. భోజనం. సాయంత్రానికి ముందు నిద్ర. లేచి స్నానం. రాత్రి భోజనం అయ్యాక అసలు పని మొదలు. గదిలో అటూఇటూ తిరుగుతూ సెక్రటరీలకు అర్ధరాత్రి దాటేదాకా డిక్టేషన్.

బాంబుల కాలంలోనూ

1940 మే 10న ప్రధాని అయ్యాడు. వయసు 65. మన దగ్గర రిటైరై ఇంట్లో కూర్చునే వయసు. ఫ్రాన్స్ కూలిపోతోంది, లండన్ మీద బాంబులు పడే రోజులు దగ్గరపడ్డాయి. అలాంటప్పుడు కూడా మధ్యాహ్నం పడక మానలేదు. అది కుర్చీలో జోగడం కాదు. బట్టలు మార్చుకుని, మంచమెక్కి, కనీసం గంటసేపు నిజంగా నిద్రపోయేవాడు. తలగడ మీద తల పెట్టగానే నిద్రపట్టడం తనకున్న వరమని ఆయనే రాసుకున్నాడు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి అర్ధరాత్రి దాకా మనిషి ఆగకుండా పనిచేయడం ప్రకృతికి సరిపడదని, ఇరవై నిమిషాలు దొరికినా ప్రాణం లేచొస్తుందని ఆయన నమ్మకం. ఆ కునుకు వల్ల ఒక రోజులో ఒకటిన్నర రోజు పని సాగిందని తన యుద్ధ చరిత్రలో చెప్పుకున్నాడు.

ఆ నిద్ర ఖరీదు

ఇక్కడే ఆగి ఇంకో వైపు చూడాలి. ప్రధాని మధ్యాహ్నం పడుకుని రాత్రి తాజాగా లేచేవాడు. మరి ఆయనతో పనిచేసేవాళ్లు? పొద్దున్నుంచీ ఆఫీసులో ఉన్న సైన్యాధికారులు, సెక్రటరీలు అర్ధరాత్రి మీటింగుల్లో కూర్చోవాల్సి వచ్చేది. మళ్లీ పొద్దున్నే డ్యూటీ. సైన్యాధిపతి అలెన్ బ్రూక్ తన డైరీలో ఈ రాత్రి మీటింగుల మీద విసుగు వెళ్లగక్కాడు. రోజును తనకు నచ్చినట్టు కోసుకునే అధికారం చర్చిల్‌కు ఉంది, కింద పనిచేసేవాళ్లకు లేదు. ఆయన మిగుల్చుకున్న గంటల్లో కొన్ని వాళ్ల నిద్రలోంచే వచ్చాయి.

ఇక మన సంగతి. భారతదేశానికి స్వపరిపాలన ఇవ్వడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. గాంధీజీని ఘోరంగా ఈసడించాడు. 1943 బెంగాల్ కరవులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ సమయంలో ఆయన ప్రభుత్వం తగినంత ధాన్యం పంపలేదన్న ఆరోపణ ఇప్పటికీ ఆయన పేరును వదల్లేదు. బెంగళూరు బంగ్లాలో అన్ని పుస్తకాలు చదివిన మనిషి, బయట నడిచే మనుషులను మాత్రం చదవలేకపోయాడు. ఆయనను పూజించనక్కర్లేదు. దినచర్య వరకు నేర్చుకుంటే చాలు.

1945 ఎన్నికల్లో ఓడిపోయాడు. 1951లో మళ్లీ ప్రధాని అయ్యాడు. 1953లో సాహిత్యంలో నోబెల్ వచ్చింది. ఎంట్రన్స్ రెండుసార్లు తప్పిన విద్యార్థికి! 1965 జనవరి 24న, సరిగ్గా తండ్రి పోయిన తేదీనే, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మన మధ్యాహ్నం

మనకు మంచం వేసిచ్చే ఆఫీసులు దొరకవు. అయినా చర్చిల్ దగ్గర తీసుకోదగ్గది ఉంది. మధ్యాహ్నం మందగించడం తప్పు కాదని ఒప్పుకుని, దానికి టైమ్‌టేబుల్లో చోటు పెట్టడం. అన్నం మానేసినవాళ్లకు కూడా ఆ వేళ కొంత మగత వస్తుంది. శరీరంలోని గడియారమే అలా ఉంటుంది. కడుపు నిండా తింటే, రాత్రి నిద్ర తగ్గితే అది రెట్టింపవుతుంది.

ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్ల రోజు వాళ్ల చేతిలోనే ఉంటుంది. మూడింటిలోపు అలారం పెట్టుకుని 15, 20 నిమిషాలు పడుకోండి. అంతకంటే ఎక్కువైతే గాఢనిద్రలోంచి లేచి, ఇంకో అరగంట తల బరువుగా ఉంటుంది. చర్చిల్ గంట పడుకున్నాడంటే, రాత్రి రెండింటిదాకా పని చేసేవాడు కాబట్టి. మీరు రాత్రి పదకొండుకు పడుకునేవాళ్లయితే ఆయన గంట మీకు వద్దు. లేచాక చదవడం కాకుండా, చేతికి పని చెప్పేవి పెట్టుకోండి. పాత ప్రశ్నపత్రాలు, లెక్కలు, జవాబులు రాయడం. బరువైన కొత్త చాప్టర్లు పొద్దుటికి ఉంచండి.

ఉద్యోగంలో చేరాక రోజు మన చేతిలో ఉండదు. అక్కడ లంచ్ బ్రేక్‌లోనే పది నిమిషాలు నడక, వీలైతే పది నిమిషాలు కళ్లు మూసుకోవడం. అన్నం కాస్త తగ్గించి, కూర, పప్పు పెంచుకోవడం. రెండు నుంచి మూడున్నర మధ్య ఫోన్లు, మనుషులతో మాట్లాడాల్సిన పనులు పెట్టుకోవడం. టీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, దాని ప్రభావం గంటలకొద్దీ ఉంటుంది. అయిదింటి టీ రాత్రి నిద్రను తింటే, రేపటి మధ్యాహ్నం ఇంకా భారమవుతుంది. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకుంటున్నా రోజూ పగలు నిద్ర ఆగకపోతే డాక్టర్‌ను కలవండి. మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు, బండి నడిపేవాళ్లు మగతను అసలు ఓర్చుకోకూడదు, ఆగిపోవాలి.

ఇంకొకటి. రేపు మీరే టీమ్ లీడర్ అవుతారు. మీ కింద పనిచేసేవాళ్లకు కూడా మధ్యాహ్నం రెండున్నర అవుతుందని గుర్తుపెట్టుకోండి. చర్చిల్ మర్చిపోయింది అదే.