వాగ్దానమును నమ్మి నడిచిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు

సంవత్సరాంతము వచ్చేసరికి మన సంఘములలో ఒక అలవాటు ఉన్నది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగియగానే పిల్లలు, పెద్దలు వరుసగా ముందుకు వచ్చి వాగ్దానపు కార్డు తీసుకొంటారు. దానిని బైబిలులో పెట్టుకొనేవారు కొందరు, గోడకు అంటించుకొనేవారు కొందరు. ఒక సంవత్సరము మా సంఘములో ఒక రైల్వే ఉద్యోగి భార్యకు దీర్ఘాయువును గూర్చిన వాగ్దానము వచ్చింది. మార్చి నెలలో ఆమె భర్తను సమాధి చేశాము. పది దినములైన తరువాత నేను పరామర్శకు వెళ్లగా ఆ సహోదరి ఆ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. వేదాంత కళాశాలలో నేను నేర్చుకొన్న జవాబులలో ఒక్కటియు ఆ పూట నా నోటికి రాలేదు.

ఆశీర్వాదమును గూర్చిన దేవుని వాగ్దానమును నమ్ముట అంటే ఏమిటి? ఈ ప్రశ్న నన్ను ఒక దైవజనుని జీవితము వద్దకు నడిపించింది. ఆయన మరణించిన దినము కూడ ఒక నూతన సంవత్సర దినమే. 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూసిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారే ఆయన.

అజరయ్య గారు 1874 ఆగష్టు 17న తిన్నెవెల్లి జిల్లాలోని వెల్లాళన్‌విళై అను గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు అక్కడి సంఘ గురువు. మొదట ఆడపిల్ల పుట్టిన తరువాత ఆ దంపతులకు చాలా ఏండ్లు సంతానము లేదు. తల్లి ఎల్లెన్ గారు హన్నావలె ప్రార్థించి, మగబిడ్డ కలిగితే ప్రభువు సేవకే ఇత్తునని మ్రొక్కుకొన్నది. అందుకే శామ్యూల్ అని పేరు. అజరయ్య అను పేరునకు యెహోవా సహాయము చేసెనని అర్థము. ఆ తల్లి కోరినది ఇంటికి ఆసరాగా ఉండే కుమారుని కాదు, దేవుని మందిరమునకు ఇచ్చివేయదగిన కుమారుని. దేవుడిచ్చిన ఆశీర్వాదమును తనయొద్ద దాచుకొనలేదు.

మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినను ఆయన పట్టము పుచ్చుకొనలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు గారిని వివాహమాడారు. 1902లో యాళ్పాణము వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుట కన్నులార చూచారు. తరతరములుగా సువార్త విన్న తిన్నెవెల్లి సంఘము ఒక్క మిషనరీనైనను పంపలేదే అని ఆయనకు సిగ్గు కలిగింది. మరుసటి యేడు, 1903లో, తిన్నెవెల్లిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1905లో శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోను ఆయన ముఖ్యులు.

తిన్నెవెల్లి సొసైటీ ఎంచుకొన్న పొలము మన తెలుగు దేశమే. నిజాము రాజ్యములోని మానుకోట, దోర్నకల్ ప్రాంతము. ఇతరులను వెళ్లుడని బ్రతిమాలిన వ్యక్తి తాను మాత్రము మద్రాసులో ఉండిపోవుట ఎట్లు? 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగము వదలి, గురుత్వాభిషేకము పొంది, ఆయన దోర్నకల్ వచ్చారు. వయస్సు ముప్పది అయిదు. భాష తెలియదు. అఆలు దిద్దుకొంటూ తెలుగు నేర్చుకొన్నారు. అబ్రాహాము తన దేశమును విడిచి బయలుదేరిన కథను మనము ఆదికాండము పన్నెండవ అధ్యాయములో చదువుతాము. అక్కడ ఆశీర్వాదపు వాగ్దానము ప్రయాణముతో ముడిపడి ఉన్నది. అబ్రాహాము ఆశీర్వదింపబడుట అతని కొరకే కాదు, అతని ద్వారా ఇతరులు ఆశీర్వదింపబడుట కొరకు.

1910లో ఎడింబరో నగరములో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు మాట్లాడారు. పరదేశ మిషనరీలు ధనము, ప్రాణము కూడ ఇచ్చారు గాని స్నేహమును ఇంకను ఇవ్వలేదని ఆయన వినయముగా, సూటిగా చెప్పారు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులైనారు. నల్లవాని క్రింద తెల్లవారు పనిచేయుదురా అని కొందరు సందేహించారు. సొంత తిన్నెవెల్లి క్రైస్తవులలోనే కొందరు వ్యతిరేకించారు. ఆయన ఎవరికీ జవాబు వ్రాయుచు కూర్చుండక ఎడ్లబండి ఎక్కి పల్లెలకు పోయారు.

ఆ పల్లెలలో ఆయన చూచినది ఏమిటి? మాల మాదిగ పేటలలోని మన తాత ముత్తాతలు. వెట్టిచాకిరి, అప్పు, కల్లు, అక్షరము తెలియని బ్రతుకు. ఇట్టివారికి ఆశీర్వాదమును గూర్చి ఏమని బోధించాలి? రేపే ధనవంతులగుదురని చెప్పితే అది అబద్ధము. పరలోకములో మాత్రమే అని చెప్పితే ఆకలిగొన్నవానికి అది చాలదు. అజరయ్య గారు మూడవ మార్గము పట్టారు. మీరు ఇప్పుడే ఇవ్వగలవారు అని వారికి నేర్పారు. వంట చేయునప్పుడు ప్రతి ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము దేవునికని వేరొక కుండలో వేయుట, కోత పండుగలో ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు తెచ్చి బల్లముందు పెట్టుట ఆ సంఘములలో స్థిరపడినవి. తరతరములుగా చేయి చాచుటకు అలవాటుపడిన మనుష్యులు ఇచ్చువారైనారు. ఆశీర్వాదము అక్కడే మొదలైనది. క్రైస్తవ దాతృత్వముపై ఆయన వ్రాసిన గ్రంథమునకు వెనుక ఈ పిడికెడు బియ్యమే ఉన్నది.

ఆయన మరియొక పని చేశారు. బాప్తిస్మము పొందినవారిచేత తమ తలలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటించుట తమ బాధ్యతయని వారి నోటనే పలికించేవారు. కూలివాడైనను, ముసలమ్మయైనను విడుదల లేదు. పేటలో శుభ్రత, చదువు, త్రాగుడు మానుట కనబడగా ఊరిలోని ఇతర కులస్థులు కూడ ఇదేమిటని విచారించి కొందరు సంఘములో చేరారు. అన్బు గారు బాలికల చదువు కొరకు, స్త్రీల కొరకు ప్రయాసపడ్డారు. చిన్నదిగా ఆరంభమైన అధ్యక్ష మండలము కృష్ణా ప్రాంతములు కలిసిన తరువాత విస్తరించి, ఆయన చివరి ఏండ్లలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. క్రమశిక్షణ విషయములో ఆయన కఠినులని నొచ్చుకొన్నవారు లేకపోలేదు. అయినను బీదవారిని చిన్నచూపు చూచెనని ఎవరును అనలేదు.

డబ్బు చాలక దోర్నకల్ కెథడ్రల్ నిర్మాణము ఎన్నో ఏండ్లు సాగింది. సికింద్రాబాద్‌లో బెజవాడ రైలు ఎక్కి కాజీపేట, మహబూబాబాద్ దాటి దోర్నకల్ జంక్షన్‌లో దిగినవారు దానిని చూడవచ్చును. గుమ్మటములు, స్తంభములతో మన దేశపు కట్టడముగా నిలిచిన ఆ ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది.

అయితే ఆయన ఎక్కువగా ప్రార్థించిన ఆశీర్వాదము అది కాదు, సంఘైక్యత. ఒకే పల్లెలో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్ అని విడిపోయిన క్రైస్తవులు అన్యులయెదుట ఏ ముఖము పెట్టుకొని నిలుతురని ఆయన వేదన. 1919లో తరంగంబాడిలో గురువులు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ఆయన వారిలో ముందున్నారు. తరువాత ఇరువదియైదు ఏండ్లకు పైగా కమిటీలు, వాదములు, వాయిదాలు. 1945 ఆరంభములో జ్వరముతో ఆయన ప్రభువునందు నిద్రించేనాటికి ఐక్యత జరుగలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించింది. రెండేండ్ల తొమ్మిది నెలల తేడా. నెబో కొండమీద మోషేవలె ఆయన ఆ దేశమును కంటితో చూచారు గాని కాలు పెట్టలేదు. ఆనాడు ఏర్పడిన ఐక్య సంఘములోనే ఈనాడు సికింద్రాబాద్‌లో మనము కలిసి రొట్టె విరుచుచున్నాము. ఆయన నమ్మిన వాగ్దానపు ఫలమును తినుచున్నది మనమే.

ప్రియ చదువరులారా, వాగ్దానము మన పేరున బ్యాంకు వ్రాసిన చెక్కు కాదు. ఫలాని తేదీన చెల్లింపుమని దేవునికి చూపునది కాదు. అది ఆయన స్వభావమును గూర్చిన మాట. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదకొండవ అధ్యాయములోని భక్తులలో అనేకులు కోరినది పొందకయే మృతినొందారు; దేవుడు అబద్ధికుడని మాత్రము అనలేదు.

ఆ సహోదరి కార్డు నేను తిరిగి ఇచ్చివేయలేదు, చించివేయలేదు. ఈనాటికిని అది నా బైబిలులో ఉన్నది. ఆమె మాత్రము తన ఇంట పిడికెడు బియ్యపు కుండను మానలేదు. ప్రతి నెల మొదటి ఆదివారమున ఆ సంచి తెచ్చి బల్లముందు పెట్టును. ఆమెకు నేను బోధించినదానికంటె ఆమె నాకు బోధించినదే ఎక్కువ. ఈ శతాబ్ది ఉత్సవ సమయమున మన పితరులకు దేవుడిచ్చినదానిని లెక్కించుటతోపాటు, మన చేతిలోని పిడికిలిని కూడ విప్పుదుము గాక. ఆమేన్.